ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్: ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆపాలి, ఎలా సరిచూసుకోవాలి

శ్రీశైలం నుంచో అరకు నుంచో కారులో తిరిగి వచ్చిన గుంటూరు, విజయవాడ మిత్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే. "క్రూజ్‌లో 50 పెట్టాను, దిగుడులోకి వచ్చేసరికి మీటరు 57 చూపించింది. ఏమైనా చెడిపోయిందా?" దానికి జతగా మరో ప్రశ్న కూడా వస్తుంది: "బండే బ్రేకు వేసుకుంటోంది కదా, ఇక నేను గేరు తగ్గించడం దేనికి?" మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. రెండోదానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే అసలు ప్రమాదం అందులోనే ఉంది.

క్లుప్తంగా చెప్పాలంటే, మనం పెట్టిన వేగాన్ని తానే నిలిపి ఉంచే మామూలు క్రూజ్ కంట్రోల్‌కు ఇంజిన్‌కు అందే శక్తిని తగ్గించడం తప్ప మరేమీ చేతకాదు కాబట్టి, దిగుడులో బండి పెట్టిన వేగాన్ని దాటిపోవడం సహజం, అది లోపం కాదు. ముందు బండితో దూరాన్ని కూడా చూసుకునే అడాప్టివ్ క్రూజ్ (ఇకపై ఏసీసీ అంటాను) చాలా కార్లలో ముందుగా శక్తిని తగ్గించి, అది చాలకపోతే తానే బ్రేకు వేసి వేగాన్ని పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది. అయితే అది వేసే బ్రేకు వేరే ఎక్కడి నుంచో రాదు. మీ కాలి కింద ఉన్న పెడల్ ఏ డిస్కులను, ఏ ప్యాడ్లను నొక్కుతుందో అదీ వాటినే నొక్కుతుంది. తిన్నగా, తక్కువ వాలుతో ఉండే హైవే దిగుడులో దానిని వాడుకోవచ్చు. మలుపుల ఘాట్ రోడ్డులో ఆపివేయాలి.

ఏమేమి దగ్గర ఉండాలి

మీ కారు యజమాని పుస్తకం, స్పీడు చూపించే జీపీఎస్ యాప్ ఉన్న ఫోను, ఆ ఫోనును చూసి అంకెలు చెప్పడానికి పక్క సీట్లో ఒక మనిషి, చక్రం కింద పెట్టడానికి ఒక చెక్క దిమ్మ. వీటన్నిటి కంటే ముందు మంచి స్థితిలో ఉన్న బ్రేకులు కావాలి. వాటి సంగతి నాలుగో మెట్టులో చెబుతాను.

మెట్టు 1: మీ బండిలో ఉన్నది ఏ క్రూజో తేల్చుకోండి

స్టీరింగ్ మీద క్రూజ్ బటన్ ఉన్నంత మాత్రాన అది ఏసీసీ కాదు. ముందు బండికీ మనకూ మధ్య దూరాన్ని మార్చే బటన్, అంటే కారు బొమ్మ పక్కన రెండు మూడు గీతలు ఉన్న బటన్, కనిపిస్తే అది ఏసీసీ. లేకపోతే మామూలు క్రూజ్. మన దేశంలో 2021లో వచ్చిన ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ700 లాంటి కార్లతో ఈ సౌకర్యం మధ్యతరగతి ఇళ్లకు చేరింది, ఆ తర్వాత చాలా మోడళ్లలో పై వేరియంట్లకు వచ్చింది. ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌కు మామూలు క్రూజ్, పై వేరియంట్‌కు ఏసీసీ ఉండడం సర్వసాధారణం కాబట్టి, బావమరిది కారులో ఉన్నది మీ కారులోనూ ఉంటుందని అనుకోవద్దు.

హిల్ డిసెంట్ కంట్రోల్ అనే మరో బటన్ కొన్ని బండ్లలో ఉంటుంది. అది నిటారైన మట్టి దారుల్లో, చాలా తక్కువ వేగంలో, బండి జారకుండా నెమ్మదిగా దించడానికి ఉద్దేశించినది. ఘాట్ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల ప్రయాణానికి అది ఏసీసీకి ప్రత్యామ్నాయం కాదు.

మెట్టు 2: పుస్తకంలో మూడు విషయాలు వెతకండి

ఒకటి, నిటారు దిగుడులో పెట్టిన వేగాన్ని దాటవచ్చనే హెచ్చరిక. దాదాపు ప్రతి కంపెనీ పుస్తకంలోనూ, నిటారు వాలులోనూ మలుపుల రోడ్డులోనూ వాడవద్దనే మాట స్పష్టంగా ఉంటుంది. రెండు, ఏసీసీ నడుస్తుండగా గేరు తగ్గిస్తే ఏమవుతుంది అన్నది. కొన్ని ఆటోమేటిక్ కార్లలో స్టీరింగ్ వెనుక ఉండే ప్యాడిల్‌తో గేరు తగ్గించినా ఏసీసీ కొనసాగుతుంది, కొన్నిటిలో ఆగిపోతుంది. హోండా సిటీ లాగా మాన్యువల్ గేరుతో ఏసీసీ ఇచ్చిన కార్లూ ఉన్నాయి, వాటిలో క్లచ్‌ను ఎంతసేపు తొక్కితే ఏసీసీ రద్దవుతుందో చదివి తెలుసుకోవాలి. మూడు, ఏసీసీ దానంతట అది రద్దయినప్పుడు ఏ శబ్దం వస్తుంది, ఏ గుర్తు కనిపిస్తుంది అన్నది. ఈ మూడోదాన్ని ఇంట్లో వాళ్లందరికీ చూపించండి.

మెట్టు 3: ముందు మన దగ్గరి రోడ్డు మీద పరీక్షించండి

విజయవాడ, గుంటూరు మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి చదునుగా ఉంటుంది కాబట్టి, బండి అలవాటును గమనించడానికి అది మంచి చోటు. ఉదయం రద్దీ పెరగకముందు, ఎండ ఉన్న రోజున, కాజ టోల్ దాటాక ఏసీసీలో 60 పెట్టి, మీటరులో అంకె ఎంత అటూ ఇటూ కదులుతుందో చూడండి. ఆ తర్వాత హైవే మీద వచ్చే ఫ్లైఓవర్ దిగుడులో అదే అంకెను గమనించండి. ఫ్లైఓవర్ల వాలు సాధారణంగా 100 మీటర్లకు 3 మీటర్ల చుట్టూ ఉంటుంది. అక్కడే మీ బండి 60కి బదులు 65 దాటితే, అది దిగుడులో బ్రేకు వేయని రకం కావచ్చు, లేదా ఆలస్యంగా వేసే రకం కావచ్చు. ఎలాగైనా ఘాట్‌లో దాని మీద ఆధారపడకూడదని మీకు తెలిసిపోయినట్లే. రెండు మూడు కిలోమీటర్లు అటూ ఇటూ అయితే సాధారణమే.

ఈ పరీక్ష అంతా కుడి కాలును బ్రేకు పెడల్ పైన, తగలకుండా, సిద్ధంగా ఉంచి చేయాలి. యాక్సిలరేటర్ మీద ఉంచకూడదు. అలవాటుగా పాదం అక్కడ వాలిస్తే, మీరు వేగం కోరుతున్నారని బండి అనుకుని, తాను వేయవలసిన బ్రేకును వేయడం మానుకుంటుంది. "నా ఏసీసీ బ్రేకు వేయడం లేదు" అన్న ఫిర్యాదులు కొన్నిటికి కారణం ఇంతకు మించి ఏమీ ఉండదు.

నగరం లోపల ఈ ప్రయోగాలు వద్దు. విజయవాడలోని కనకదుర్గ ఫ్లైఓవర్ మీద గానీ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద గానీ పక్కన దూరే బైకులను, ఆటోలను ఏసీసీకి కన్నులాంటి రాడార్ సకాలంలో గుర్తించకపోవచ్చు.

మెట్టు 4: బయలుదేరే ముందు బ్రేకులు చూపించండి

ప్యాడ్ల మందం, డిస్కు మీద గాట్లు, టైర్ల గాలి చూపించాలి. బ్రేక్ ఆయిల్‌ను మాత్రం చాలామంది మరిచిపోతారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పీల్చుకున్న కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకూ తట్టుకోవాలి, నీరు చేరిన స్థితిలో ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. కృష్ణా తీరపు తేమ గాలిలో నడిచే బండికి రెండేళ్లకొకసారి మార్చడం మానవద్దు.

ముందు గ్రిల్‌లోనో బంపర్‌లోనో ఉండే రాడార్ కవరును, అద్దం వెనుక కెమెరా ఉన్న భాగాన్ని తడిగుడ్డతో తుడవండి. బురద గానీ దట్టమైన పొగమంచు గానీ వాటిని కప్పితే ఏసీసీ ఒక బీప్ కొట్టి రద్దవుతుంది. చదునులో అది చిన్న ఇబ్బంది. దిగుడులో అయితే, అది అప్పటిదాకా వేస్తున్న బ్రేకు కూడా ఆ క్షణంలోనే వదిలిపోతుందని అర్థం.

మెట్టు 5: కొండ అంచు రాకముందే గేరు తగ్గించి, ఏసీసీని పూర్తిగా ఆపండి

ఈ మెట్టులో క్రమం ముఖ్యం. దిగుడు మొదలు కాకముందే, రోడ్డు ఇంకా చదునుగా ఉన్నప్పుడే, వేగం తగ్గించండి. తర్వాత గేరు తగ్గించండి. ఆ తర్వాత ఏసీసీని క్యాన్సిల్ బటన్‌తో కాక, ప్రధాన బటన్‌తోనే పూర్తిగా ఆపివేయండి. క్యాన్సిల్ చేస్తే పాత వేగం దాని జ్ఞాపకంలో ఉండిపోతుంది. హైవేలో మీరు పెట్టిన 90 అలాగే ఉంటుంది. ఘాట్ మధ్యలో పొరపాటున రెజ్యూమ్ బటన్ తగిలితే, బండి ఆ 90ని అందుకోవడానికి బయలుదేరుతుంది.

ఏ గేరు అంటే, ఆ కొండను ఎక్కడానికి ఏ గేరు కావలసివచ్చిందో దిగడానికీ అదే గేరు అన్న పాత డ్రైవర్ల లెక్క ఈనాటికీ పనికొస్తుంది. మాన్యువల్ కారులో మలుపుల దగ్గర రెండు, కాస్త తెరిపిగా ఉన్నచోట మూడు. ఆటోమేటిక్‌లో ప్యాడిల్ గానీ, గేరు లీవరు మీద ప్లస్ మైనస్ గుర్తులు గానీ, 'ఎల్', 'ఎస్', 'బి' అనే స్థానాలు గానీ ఉంటాయి. 'డి'లోనే వదిలేస్తే చాలా బండ్లు ఇంధనం ఆదా కోసం పై గేరులోకి వెళ్లిపోతాయి, అప్పుడు ఇంజిన్ పట్టు, అంటే తక్కువ గేరులో ఇంజిన్ బండిని వెనక్కి పట్టి ఉంచడం, దాదాపు ఉండదు. ఎలక్ట్రిక్ కారు అయితే రీజనరేషన్‌ను, అంటే మోటారు బండిని పట్టి ఉంచుతూ బ్యాటరీని నింపే ఏర్పాటును, ఎక్కువ స్థాయిలో పెట్టండి. కానీ కొండ మీద బ్యాటరీని నూరు శాతం నింపుకుని దిగవద్దు, నిండిన బ్యాటరీలోకి కొత్తగా విద్యుత్తు పోదు కాబట్టి ఆ పట్టు బాగా తగ్గిపోతుంది.

ఇంజిన్ పట్టు దేనికి అని అడిగేవాళ్లకు ఒకే ఒక లెక్క చెబుతాను. మనుషులతో కలిపి 1,500 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి, కుళాయి నుంచి పట్టిన 5 లీటర్ల నీటిని మరిగే స్థితికి తెచ్చేంత ఉంటుంది. 300 మీటర్లు దిగితే 15 లీటర్లు. గాలి, టైర్లు, ఇంజిన్ పంచుకోగా మిగిలినదంతా నాలుగు చక్రాల బ్రేకుల్లో వేడిగా చేరవలసిందే. ఏసీసీ వేగపు అంకెను నిలబెట్టడానికి చూస్తుందే తప్ప, దిగుడు ఇంకా ఎంత దూరం ఉందో ఆలోచించదు. అందుకే అంకె నిలకడగా ఉన్నా డిస్కులు లోపల కాలిపోతూ ఉండవచ్చు.

గేరుకు బదులు న్యూట్రల్‌లో వదిలేసి డీజిల్ మిగుల్చుకుందామనే అలవాటు ఇంకా పోలేదు. యాక్సిలరేటర్ వదిలి గేరులో దిగుతున్నప్పుడు ఇప్పటి ఇంజిన్లు ఇంధనం చల్లడమే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి కొంత తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేది ఏమీ లేదు, పోయేది మాత్రం పట్టు. పది శాతం వాలులో న్యూట్రల్‌లో వదిలిన కారు ప్రతి సెకనుకూ గంటకు దాదాపు 3 కిలోమీటర్ల చొప్పున వేగం పుంజుకుంటుంది. పది సెకన్లు చాలు, 30 మీద ఉన్న బండి 60కి చేరడానికి.

మెట్టు 6: మలుపుల్లో ఏసీసీ ఎందుకు వద్దో తెలుసుకుని దిగండి

రాడార్ చూపు ముందుకు, ఒక ఇరుకైన విసనకర్రలాగా పరుచుకుంటుంది. హెయిర్‌పిన్ మలుపులో ముందు బస్సు పక్కకు తిరగగానే ఆ చూపు నుంచి తప్పుకుంటుంది. దారి ఖాళీ అయిందని భావించి ఏసీసీ పెట్టిన వేగాన్ని అందుకోవడానికి బండిని ముందుకు తోస్తుంది. రెండేళ్ల కిందట దోర్నాల, శ్రీశైలం మధ్య ఘాట్‌లో నాకు సరిగ్గా ఇదే జరిగింది. బస్సు వెనుక 30లో దిగుతున్నాము, ఏసీసీలో 50 పెట్టి ఉంది. బస్సు మలుపు తిరిగిన క్షణాన కారు ఉరికింది. బ్రేకు మీద కాలు ఉండబట్టి ఆపగలిగాను. వెనుక సీట్లో అమ్మ, పిల్లలు ఉన్నారు. ఆ తర్వాత ఏ ఘాట్‌లోనూ ఏసీసీ వేసి నడపలేదు.

మిట్ట ఎక్కి దిగే చోట కూడా ఇదే ఇబ్బంది వస్తుంది. మీరు మిట్ట మీద ఉంటే ముందు బండి రాడార్ చూపుకు కిందుగా ఉండిపోతుంది. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీకి, అడ్డం వచ్చే పశువుకు, దారిలో కూర్చున్న కోతుల గుంపుకు ఏసీసీ స్పందిస్తుందని నమ్మకండి. ముందు మలుపును బట్టి వేగం తగ్గించే సౌకర్యం కొన్ని కార్లలో ఉన్నా, దాన్ని నమ్ముకుని ఘాట్ దిగడం తగదు.

దిగేటప్పుడు గేరు పట్టుతో వేగాన్ని ఉంచుకుంటూ, అంకె పెరిగినప్పుడు బ్రేకును గట్టిగా, కొద్దిసేపే తొక్కి, అనుకున్న వేగం కంటే ఐదారు కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ తొక్కండి. పెడల్ మీద కాలు అదేపనిగా ఆనించి ఉంచితే డిస్కులకు చల్లారే విరామం దొరకదు. రెండు నిమిషాలకొకసారి బ్రేకు వేయవలసి వస్తే గేరు సరిపోయినట్లు. పది సెకన్లకొకసారి వేయవలసి వస్తే ఇంకొక గేరు తగ్గించాలి.

దారి ఇరుకైన చోట ఎక్కుతున్న బండికి దిగుతున్న బండి దారి ఇవ్వాలన్నది మన రోడ్డు నిబంధనల్లో ఉన్న మాట. దానికోసం ఆగగలిగే వేగంలోనే ఎప్పుడూ ఉండండి.

మెట్టు 7: తిన్నని దిగుడులో ఏసీసీ వాడదలచుకుంటే

నాలుగు లేన్ల హైవే కొండ ప్రాంతంలోంచి పోతున్నప్పుడు, మలుపులు పెద్దవిగా, వాలు తక్కువగా, రోడ్డు పొడిగా ఉంటే వాడవచ్చు. అప్పుడు కూడా ఈ జాగ్రత్తలు తీసుకోండి.

వేగాన్ని దిగుడులోకి వచ్చాక కాదు, రాకముందే తగ్గించి పెట్టండి. 80లో వస్తుంటే 60కి తెచ్చి సెట్ చేయండి.

దూరాన్ని అన్నిటికంటే ఎక్కువ గీతలకు మార్చండి. 60 వేగంలో కారు సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్ల దూరం అంటే దాదాపు 33 మీటర్లు. దిగుడులో ఆగడానికి చదునులో కంటే ఎక్కువ చోటు కావాలి.

పుస్తకం అనుమతిస్తే ఒక గేరు తగ్గించి ఉంచండి. అప్పుడు ఏసీసీకి బ్రేకు వేసే అవసరం తగ్గుతుంది.

ఇక చాలామందిని తికమక పెట్టే విషయం. ఏసీసీ బ్రేకు వేసి బండిని పట్టుకుని ఉన్నప్పుడు మీరు పెడల్‌ను ఒకసారి తాకి వదిలితే, ఏసీసీ రద్దవుతుంది, దానితోపాటు అది వేస్తున్న బ్రేకూ పోతుంది. మీరు వేగం తగ్గిద్దామని తాకారు, కాలు తీయగానే వేగం పెరిగింది. క్యాన్సిల్ బటన్ నొక్కినా ఇదే జరుగుతుంది. అందుకే దిగుడులో ఏసీసీని వదిలించుకోవాలంటే, బ్రేకు తొక్కి, అలా తొక్కి ఉంచుతూనే గేరు తగ్గించి, ఇంజిన్ పట్టు వచ్చిందని ఒంటికి తెలిశాకే కాలు తీయండి. దీన్ని ఫ్లైఓవర్ దిగుడులో రెండు మూడుసార్లు సాధన చేస్తే అలవాటవుతుంది.

అంకె మీరు పెట్టినదాని కంటే ఐదు పెరిగిందంటే, ఏసీసీ సర్దుకుంటుందేమోనని చూడకండి, మీరే బ్రేకు అందుకోండి. ఏసీసీ వేసే బ్రేకు సుఖ ప్రయాణం కోసం పరిమితం చేసినది, మీ కాలు పూర్తిగా తొక్కితే వచ్చే బ్రేకులో అది సగం కూడా ఉండదు. వానలో, పొగమంచులో, ఏడుగురు ఎక్కి సామాను నిండిన బండిలో దిగుడు మీద అసలు వాడవద్దు.

మెట్టు 8: దిగాక సరిచూసుకోండి

దిగుతున్నంతసేపూ పక్కన కూర్చున్నవారు జీపీఎస్ వేగాన్ని చదువుతూ ఉంటే, మీటరు కంటే అది రెండు మూడు తక్కువ చూపించడం మామూలే. వేగం ఎంతవరకు పెరిగింది, ఎన్నిసార్లు బ్రేకు అవసరమైంది అన్నవి వారిని గుర్తుపెట్టుకోమనండి.

కిందికి వచ్చాక చదునైన చోట ఆగి, నాలుగు చక్రాల దగ్గరా జానెడు దూరంలో అరచేయి పెట్టి వేడిని చూడండి. చక్రాన్ని, డిస్కును తాకకండి. ముందు చక్రాలు వెనుకవాటి కంటే వేడిగా ఉండటం సహజం. కుడి ఎడమల మధ్య పెద్ద తేడా ఉంటే ఒకవైపు బ్రేకు పట్టేసి ఉంటుంది.

దారిలోనే కాలిన వాసన వచ్చినా, పెడల్ మునుపటి కంటే లోతుగా పోయినా, పొగ కనిపించినా వెంటనే గేరు తగ్గించి, మలుపు కాని వెడల్పు చోటులో ఆపండి. ఆటోమేటిక్ అయితే 'పి'లో, మాన్యువల్ అయితే గేరులో పెట్టి, చక్రానికి చెక్క దిమ్మ అడ్డం పెట్టి, అర గంట వదిలేయండి. కాలిన డిస్కు మీద నీళ్లు పోయకండి, హఠాత్తుగా చల్లబడితే అది వంగవచ్చు, పగలవచ్చు.

గేరుతో దిగడం అలవాటు చేసుకోవడానికి నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ ఘాట్ చిన్నది, సరిపోయేది. శివరాత్రి రోజుల్లో కాకుండా మామూలు రోజు ఉదయం వెళ్లండి. ఏసీసీ ఆపి, ఒకసారి మూడో గేరులో, ఇంకోసారి రెండో గేరులో దిగి, రెండుసార్లూ కింద చక్రాల వేడిని పోల్చండి. రెండో గేరులో దిగినప్పుడు వేడి స్పష్టంగా తగ్గాలి. రెండు గేర్ల మధ్య తేడా లేకపోతే మీ కాలు ఇంకా పెడల్ మీద ఆనుతోందేమో పక్కవారిని గమనించమనండి. ఆనడం లేదని తేలితే, బ్రేకులు వదలకుండా పట్టి ఉన్నాయేమో మెకానిక్ చూసేదాకా ఆ బండిని పెద్ద ఘాట్‌కు తీసుకెళ్లకండి.